కమోడోర్ 64 డెమోలను మీ కంప్యూటర్‌లో సరిగ్గా ఆడించడం ఎలా?

పాత కంప్యూటర్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నన్ను అడిగేవి దాదాపు అవే మూడు ప్రశ్నలు. డెమో (కదిలే బొమ్మలు, పాట కలిపి యంత్రం సత్తా చూపేందుకు రాసిన ప్రోగ్రాము) సగం దాకా వచ్చి నిలిచిపోయిందేమిటి? పాటలో సగం స్వరాలు వినిపించడం లేదేమిటి? తెర మీద జారే అక్షరాలు ఆగి ఆగి కదులుతున్నాయేమిటి? అడిగినవారిలో చాలామంది ఫైలు పాడైందనో, ఆ కాలపు యంత్రం అంతకంటే బాగా చేయలేదనో అనుకుంటున్నారు. లోపం సాధారణంగా ఫైలులోనూ ఉండదు, యంత్రంలోనూ ఉండదు. మనం పెట్టుకున్న సెట్టింగులలో ఉంటుంది. వాటిని ఒక్కసారి సరిచేసుకుంటే మళ్లీ ముట్టుకోనక్కరలేదు.

సిద్ధాంతం ఎంత అవసరమో అంతే చెబుతాను. 1982లో వచ్చిన కమోడోర్ 64లో 64 కిలోబైట్ల ర్యామ్, ఒక మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల నడిచే 6510 ప్రాసెసర్, 16 రంగులు, మూడు స్వరాలు పలికే సిడ్ అనే ధ్వని చిప్ ఉంటాయి. యూరప్‌లో అమ్మిన, పాల్ అనే టీవీ పద్ధతికి తగిన యంత్రంలో విక్-2 అనే చిప్ తెర మీద ఒక గీత గీసే లోపు ప్రాసెసర్‌కు దొరికేది 63 సైకిళ్లు, అంటే దాని గడియారపు 63 టిక్కులు. ఒక పూర్తి ఫ్రేముకు 312 గీతలు, అంటే 19,656 సైకిళ్లు. ఆటల కాపీ రక్షణను ఛేదించిన కుర్రాళ్లు వాటి ముందు తమ పేర్లతో అతికించుకున్న చిన్న ముఖచిత్రాల నుంచి పుట్టిన ఈ డెమోల కళలో, ఏ గీత మీద ఏ సైకిల్‌కు ఏ రిజిస్టర్ (చిప్ పనితీరును నిర్ణయించే సంఖ్య ఉండే గడి) మార్చాలో లెక్క వేసి రాయడమే అసలు పని. చిప్ తయారుచేసినవారు ఊహించని రంగులు, బార్డర్ల మీద బొమ్మలు, మూడు స్వరాలకు మించిన సంగీతం ఆ లెక్క వల్లే సాధ్యమయ్యాయి. అందువల్ల మీ ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము) ఒక్క సైకిల్ అటూ ఇటూ అయినా తాళం తప్పిన పాటలాగా అంతా చెదిరిపోతుంది. ఈ కళను ఫిన్లాండ్ 2020లో, జర్మనీ 2021లో తమ జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాల్లో చేర్చాయి కాబట్టి, దాన్ని చెదిరిన రూపంలో చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

కావలసినవి

గత పదేళ్లలో కొన్న ఏ మామూలు కంప్యూటరైనా సరిపోతుంది. వైస్ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో మూడో తరం వెర్షన్ ఏదైనా తీసుకోండి. డెమోల డిస్క్ ఫైళ్లు డీ64 రూపంలో ఉంటాయి. సీఎస్‌డీబీ అనే కమోడోర్ డెమోల భాండాగారంలో అవి ఉచితంగా దొరుకుతాయి. ల్యాప్‌టాప్ స్పీకర్లు సిడ్ చిప్ మంద్రస్వరాలను మింగేస్తాయి కాబట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మంచిది. హెచ్‌డీఎంఐ తీగ, దానికి తగిన టీవీ ఉంటే ఇంకా మేలు. కారణం ఆరో అంచెలో చెబుతాను.

అంచెలు

1. సరైన ప్రోగ్రామును ఎంచుకోండి. వైస్‌ను ఇన్‌స్టాల్ చేస్తే చాలా ప్రోగ్రాములు కనిపిస్తాయి, ఎందుకంటే అది ఒక్క కమోడోర్ 64నే కాక ఆ కంపెనీ ఇతర యంత్రాలను కూడా అనుకరిస్తుంది. మీకు కావలసింది ఎక్స్64ఎస్‌సీ. ప్రతి సైకిల్‌నూ లెక్కించి నడిచేది అదే. పాత వ్యాసాల్లో చెప్పే ఎక్స్64 వేగంగా నడుస్తుంది గానీ అంత ఖచ్చితమైనది కాదు. ఆటలకు చాలు, డెమోలకు చాలదు.

లైనక్స్ వాడేవారికి ఒక హెచ్చరిక. డెబియన్, ఉబుంటుల భాండాగారాల నుంచి వచ్చే వైస్ ప్యాకేజీలో కమోడోర్ రోమ్ ఫైళ్లు, అంటే యంత్రంలో శాశ్వతంగా ఉండే ప్రోగ్రాముల నకళ్లు, ఉండవు. తెరిచిన వెంటనే కర్నల్ రోమ్ దొరకలేదని చెప్పి మూసుకుపోతే మీ కంప్యూటర్‌లో తప్పేమీ లేదని గ్రహించండి. వైస్ అసలు సోర్స్ ప్యాకేజీలో కర్నల్, బేసిక్, అక్షరాల రోమ్‌లు, 1541 డ్రైవ్ రోమ్ అన్నీ ఉంటాయి. వాటిని అక్కడి నుంచి తీసి వైస్ వెతికే ఫోల్డర్లలో పెట్టాలి. డ్రైవ్ రోమ్‌ను మరిచిపోయేవారు చాలామంది. అది లేకపోతే నీలిరంగు తెర చక్కగా వస్తుంది, డిస్క్ మాత్రం ఎప్పటికీ చదవదు.

2. యంత్రం మోడల్‌ను పాల్ పద్ధతికి పెట్టండి. డెమోలలో అత్యధిక భాగం యూరప్‌లో, పాల్ యంత్రాల కోసమే తయారయ్యాయి. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ యంత్రంలో గీతకు 65 సైకిళ్లు, ఫ్రేముకు 263 గీతలే ఉంటాయి కనుక, పాల్ కోసం వేసిన లెక్క అక్కడ పనికిరాదు. పాట కూడా వేగంగా పరుగెత్తుతుంది.

సరిచూసుకోవడం తేలిక. నీలిరంగు తెర వచ్చాక ప్రింట్ పీక్(678) అని టైప్ చేసి రిటర్న్ నొక్కండి. 1 వస్తే పాల్, 0 వస్తే ఎన్‌టీఎస్‌సీ. ఈ వ్యాసంలో ఆదేశాలను తెలుగు లిపిలో రాశాను. మీరు వాటిని ఇంగ్లిష్ అక్షరాలతో, షిఫ్ట్ నొక్కకుండా, క్యాప్స్ లాక్ తీసేసి టైప్ చేయాలి. షిఫ్ట్ నొక్కితే అక్షరాలకు బదులు హృదయాలు, మూలల గీతలు వంటి బొమ్మలు వస్తాయి. కొటేషన్ గుర్తు కోసం నొక్కితే మరొకటి వస్తుంటే కీబోర్డ్ అమరిక స్థానాల ప్రకారం ఉందని అర్థం. సెట్టింగుల్లో దాన్ని గుర్తుల ప్రకారం నడిచే అమరికకు మార్చుకోండి.

3. డ్రైవ్‌ను పూర్తిగా అనుకరించేలా చేయండి. సగంలో ఆగిపోయే డెమోలన్నిటికీ దాదాపు ఇదే మందు. కమోడోర్ వారి 1541 డిస్క్ డ్రైవ్ ఒక ఉత్త పెట్టె కాదు. దానిలో సొంతంగా ఒక 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్ ఉంటాయి. మామూలు పద్ధతిలో అది సెకనుకు సుమారు 400 బైట్లు మాత్రమే పంపగలదు. ఆ లెక్కన 30 కిలోబైట్ల ఫైలుకు నిమిషం దాటుతుంది. పాట ఆగకుండా నిమిషానికో కొత్త దృశ్యం చూపించాలనుకునే డెమోకు ఇది చాలదు. కాబట్టి డెమో రాసేవారు తమ సొంత ప్రోగ్రామును డ్రైవ్ ప్రాసెసర్‌లోకే ఎక్కించి, అక్కడి నుంచి వేగంగా డేటా రప్పించుకుంటారు. డ్రైవ్ సెట్టింగుల్లో ట్రూ డ్రైవ్ ఎమ్యులేషన్ అనేది ఆన్‌లో ఉంటేనే ఆ రెండో ప్రాసెసర్ ఉన్నట్టు లెక్క. ఎనిమిదో నంబరు డ్రైవ్ రకాన్ని 1541 లేదా 1541-2 గా పెట్టి, వర్చువల్ డివైస్ అన్నదాన్ని తీసేయండి.

అక్కడితో ఆగకండి. తొమ్మిదో నంబరు డ్రైవ్, ప్రింటర్ వంటివి ఆన్‌లో ఉంటే వాటినీ ఆపేయండి. ఒకే తీగ మీద ఇంకెవరైనా ఉంటే కొన్ని లోడర్లు (డెమో తన డేటాను రప్పించుకునే ఆ సొంత ప్రోగ్రాములు) బెదిరిపోతాయి. ఏ కార్ట్రిడ్జ్‌నూ తగిలించి ఉంచవద్దు. అదనపు ర్యామ్ కావాలని డెమో వివరణలో స్పష్టంగా ఉంటే తప్ప ఆర్‌ఈయూ అనే అదనపు ర్యామ్ పరికరాన్ని కూడా ఆపేసి ఉంచండి.

4. ధ్వనిని సరిచేయండి. సిడ్ చిప్‌లో రెండు తరాలున్నాయి: మొదటిది 6581, తర్వాతది 8580. ఫిల్టర్ల తీరు రెండింటిలో వేరు. అంతకంటే ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. ధ్వని స్థాయి రిజిస్టర్‌ను చకచకా మారుస్తూ రికార్డు చేసిన మాటలు, డోలు దెబ్బలు వినిపించే ఉపాయం 6581లో బిగ్గరగా పలుకుతుంది, 8580లో దాదాపు వినిపించదు. పాటలో డోలు దెబ్బలు మాయమయ్యాయని, మాటలు గుసగుసలుగా ఉన్నాయని అడిగినవారికి నా జవాబు ఇదే: చిప్‌ను మార్చి చూడండి. ఏ చిప్ కోసం రాశారో చాలా డెమోల వివరణలోనే ఉంటుంది. లేకపోతే 1980ల నాటి వాటికి 6581తో మొదలుపెట్టండి. ధ్వని ఇంజన్‌గా రీసిడ్‌ను ఎంచుకోండి. ఫాస్ట్‌సిడ్ అన్నది బలహీనమైన కంప్యూటర్ల కోసం పెట్టిన ఏర్పాటు, మీకు అవసరం రాదు.

5. తెర సెట్టింగులు చూడండి. బొమ్మ ఎంత పదునుగా ఉంటే అంత మంచిదనుకోవడం ఇక్కడ పొరపాటు. పాల్ టీవీ పక్కపక్కనున్న గీతల రంగులను కొంత కలిపేస్తుంది. దాన్ని దృష్టిలో పెట్టుకునే చాలామంది చిత్రకారులు ఒక గీతను ఒక రంగులో, తర్వాతి గీతను మరొక రంగులో వేసి, 16 రంగుల్లో లేని ఛాయలను పుట్టించారు. పదునైన ఎల్‌సీడీ మీద అవి చారలుగా కనిపిస్తాయి. వైస్‌లో తెర ఫిల్టర్‌ను సీఆర్‌టీ (పాత గాజు గొట్టపు టీవీ) ఎమ్యులేషన్‌కు మార్చగానే ఆ చారలు కరిగి కొత్త రంగులవుతాయి. బార్డర్లను కత్తిరించే సెట్టింగ్ ఉంటే తీసేసి పూర్తిగా కనిపించేలా పెట్టండి. డెమోలలో సగం వినోదం ఆ బార్డర్ల మీదే జరుగుతుంది.

6. సెకనుకు 50 ఫ్రేములు చూపగల తెర సంపాదించండి. పాల్ కమోడోర్ సెకనుకు యాభైకి కాస్త పైన ఫ్రేములు గీస్తుంది. మన ల్యాప్‌టాప్ తెరలు ఎక్కువగా 60 హెర్ట్జ్‌వి. అరవై సార్లు మారే తెర మీద యాభై ఫ్రేములే వస్తే ప్రతి అయిదో ఫ్రేము రెండుసార్లు కనిపించక తప్పదు. జారే అక్షరాల కుదుపు అదే. ఎమ్యులేటర్‌లో ఏది మార్చినా ఇది పోదు. డిస్‌ప్లే సెట్టింగుల్లో 50 లేదా 100 హెర్ట్జ్ ఉందేమో చూడండి. లేకపోతే హెచ్‌డీఎంఐతో టీవీకి తగిలించండి. దూరదర్శన్ రంగుల ప్రసారాలు, కమోడోర్ 64 పుట్టిన 1982లోనే, పాల్ పద్ధతిలోనే మొదలయ్యాయి. మన దేశంలో అమ్మే టీవీలు 50 హెర్ట్జ్‌ను మామూలుగానే అంగీకరిస్తాయి. రిఫ్రెష్ రేటు తనంతట తాను మార్చుకునే గేమింగ్ మానిటర్ ఉన్నవారికి ఏ చింతా లేదు.

7. డిస్క్‌ను తగిలించి నడపండి. జిప్ ఫైలు అయితే ముందు విప్పండి. డీ64 ఫైలు పరిమాణం 174,848 బైట్లు ఉండాలి; లోపాల సమాచారం కలిసినది 175,531, నలభై ట్రాకులది 196,608 బైట్లు ఉంటుంది. మరే సంఖ్య వచ్చినా డౌన్‌లోడ్ సగంలో తెగిందేమోనని అనుమానించండి.

ఎనిమిదో డ్రైవ్‌కు ఫైలును తగిలించి లోడ్"*",8,1 అని టైప్ చేయండి. రెడీ అని వచ్చాక రన్ కొట్టండి. మెనూలోని ఆటోస్టార్ట్ కూడా ఇదే పని చేస్తుంది. డెమో నడుస్తున్నంతసేపూ కిటికీ అడుగున 100 శాతం, 50 ఫ్రేములు అని ఉండాలి. అంతకు చాలా ఎక్కువ చూపిస్తే వార్ప్ మోడ్ (వేగానికి పరిమితి లేకుండా నడిపే పద్ధతి) ఆన్‌లో ఉండిపోయిందని, తక్కువ చూపిస్తే మీ కంప్యూటర్ అందుకోలేకపోతోందని అర్థం. రెండో సందర్భంలో ముందుగా సీఆర్‌టీ ఫిల్టర్‌ను త్యాగం చేయండి, ఎక్స్64ఎస్‌సీని మాత్రం వదలకండి.

పెద్ద డెమోలకు ఒకటి కంటే ఎక్కువ డిస్క్ వైపులుంటాయి. రెండో వైపు పెట్టమని తెర మీద సందేశం వచ్చినప్పుడు కొత్త ఫైలును అటాచ్ మాత్రమే చేయాలి. చాలామంది ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తారు, లేదా ఆటోస్టార్ట్ నొక్కుతారు. యంత్రం రీసెట్ అయి కథ మొదటికి వస్తుంది.

ఏది ముందు చూడాలని అడిగేవారికి నేను మూడు చెబుతాను. క్రెస్ట్, ఆక్సిరాన్ బృందాలు కలిసి 2000లో విడుదల చేసిన డ్యూస్ ఎక్స్ మాకినా. నెదర్లాండ్స్‌లో జరిగే ఎక్స్ అనే డెమో రచయితల కలయికలో 2008లో బూజ్ డిజైన్ విడుదల చేసిన ఎడ్జ్ ఆఫ్ డిస్‌గ్రేస్. సెన్సర్ డిజైన్, ఆక్సిరాన్ కలిసి 2014లో తెచ్చిన కోమాలాండ్. యంత్రం మారలేదు, చిప్పులు మారలేదు. మారింది ఆ చిప్పుల గురించి మనుషులకు తెలిసిన సంగతి. ఆ తేడా కంటికి ఆనాలంటే ఈ వరుసలోనే చూడాలి. మొదటిసారి చూస్తున్నవారికి ఎడ్జ్ ఆఫ్ డిస్‌గ్రేస్‌కు మించినది లేదని నా అభిప్రాయం.

8. పది బైట్లతో మీరే ఒకటి చేసి చూడండి. ఇది తప్పనిసరి కాదు గానీ, డెమోలు ఎందుకంత కష్టమో దీనితో అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. కమోడోర్ మన ఇళ్లలోకి పెద్దగా రాలేదు. అయితే 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ క్లాస్ పథకం కింద మన దేశంలోని కొన్ని బడులకు వచ్చిన బీబీసీ మైక్రోలో ఉన్నది 6502 ప్రాసెసర్, దాని తోబుట్టువే ఈ 6510. అక్కడ అసెంబ్లీ భాషలో ప్రోగ్రాములు రాసి చూసినవారికి ఈ సంఖ్యలు పరిచయమైనవే అనిపించవచ్చు. రీసెట్ చేసి కింది అయిదు వరుసలను టైప్ చేయండి:

10 ఎస్=0

20 ఫర్ ఐ=49152 టు 49161:రీడ్ ఎ:పోక్ ఐ,ఎ:ఎస్=ఎస్+ఎ:నెక్స్ట్

30 ఇఫ్ ఎస్<>1169 దెన్ ప్రింట్ "ఎర్రర్":ఎండ్

40 సిస్ 49152

50 డేటా 120,173,18,208,141,32,208,76,1,192

ఇక్కడ ఎస్, ఐ, ఎ అన్నవి ఒక్కొక్క ఇంగ్లిష్ అక్షరం. రన్ కొట్టగానే బార్డరంతా సన్నని రంగుల చారలతో నిండిపోతుంది. ప్రోగ్రాము చేసేదల్లా, ఇప్పుడు ఏ గీత గీస్తున్నావని విక్-2ను అడిగి, వచ్చిన సంఖ్యను బార్డర్ రంగు రిజిస్టర్‌లో పెట్టి, మళ్లీ అడగడం. రంగులు 16 మాత్రమే కనుక సంఖ్యలోని చివరి నాలుగు బిట్లే లెక్కకు వస్తాయి.

ఇప్పుడు ఎడమ బార్డర్‌ను దగ్గరగా చూడండి. చారల మొదళ్లు ఒక వరుసలో ఉండవు. కొన్ని ముందుకు, కొన్ని వెనక్కు ఉండి వణుకుతుంటాయి. ఒక చుట్టుకు 11 సైకిళ్లు పడుతోంది, గీతకు ఉన్నవి 63. పదకొండుతో అరవై మూడు నిశ్శేషంగా భాగింపబడదు కాబట్టి ప్రతి గీత మీదా రంగు మారే చోటు జరిగిపోతుంది. అది చాలదన్నట్టు, అక్షరాలుండే భాగంలో ప్రతి ఎనిమిదో గీత దగ్గర విక్-2 తన అవసరం కోసం ప్రాసెసర్‌ను 40 సైకిళ్లకు పైగా ఆపేస్తుంది. నిజమైన డెమోలో ఈ వణుకు ఎక్కడా కనిపించకపోవడమే రాసినవారి పనితనం.

చారలు లావుగా కావాలంటే 20వ వరుసలోని 49161 ను 49164 గా, 30వ వరుసలోని 1169 ను 1391 గా మార్చి, 50వ వరుసలో మొదటి 208 తర్వాత 74,74,74 చేర్చండి. ఒక్కో రంగు ఎనిమిది గీతల మందం అవుతుంది.

ఆపడానికి రన్‌స్టాప్, రిస్టోర్ మీటలు కలిపి నొక్కాలి; వైస్‌లో అవి సాధారణంగా ఎస్కేప్, పేజ్ అప్. కొన్ని ల్యాప్‌టాపుల్లో పేజ్ అప్‌కు ఎఫ్ఎన్ మీట కూడా కలపాలి. ఒక్క ఎస్కేప్‌తో ఆగదు, ఎందుకంటే ఆ మీట నొక్కారేమోనని చూసి ఆగేది బేసిక్; ఇప్పుడు నడుస్తున్నది బేసిక్ కాదు, ప్రాసెసర్ నేరుగా నడిపే ఆ పది బైట్లు. ఎర్రర్ అని వస్తే డేటా వరుసలో ఏదో సంఖ్య తప్పు పడిందని అర్థం. కామాకు బదులు చుక్క పెట్టడం తరచుగా జరిగే పొరపాటు.

నిజమైన యంత్రం కొన్నవారికి

అమెరికాలో ఉంటున్న మనవారు కొందరు పాత సామాన్ల అమ్మకాల్లో కమోడోర్ 64 కొని, అందులో డెమోలు నడవడం లేదని రాస్తున్నారు. అక్కడ దొరికేవి ఎన్‌టీఎస్‌సీ యంత్రాలు. విక్-2 చిప్‌నూ క్రిస్టల్‌నూ మార్చి పాల్‌గా చేసుకోవచ్చు గానీ, టంకం పని తెలియనివారు దాని జోలికి పోకుండా యూరప్ నుంచి పాల్ యంత్రాన్ని తెప్పించుకోవడమే నయం.

డిస్క్ డ్రైవ్‌కు బదులు వాడే ఎస్‌డీ కార్డు పరికరాలన్నీ ఒకటి కావు. చౌకగా దొరికే ఎస్‌డీ2ఐఈసీలో 1541 ప్రాసెసర్ అనుకరణ ఉండదు కనుక మూడో అంచెలో చెప్పిన సమస్యే మళ్లీ ఎదురవుతుంది. ఆటలకు పనికొస్తుందని అమ్మేవారు చెప్పే మాట చాలావరకు నిజమే గానీ, డెమోలకు పై1541 లేదా 1541 అల్టిమేట్ కావాలి.

అన్నిటికంటే ముందు పవర్ సప్లైని చూడండి. యంత్రంతో పాటు వచ్చే పాత ఇటుకలాంటి అడాప్టర్‌లో 5 వోల్టుల రెగ్యులేటర్ పాడైతే వోల్టేజీ ఆగిపోదు, పెరుగుతుంది. పెరిగిన వోల్టేజీకి ముందుగా ర్యామ్ చిప్పులు కాలిపోతాయి. యంత్రానికి తగిలించకముందే మల్టీమీటర్‌తో డీసీ వైపు కొలవండి. 5.25 వోల్టులు దాటితే ఆ అడాప్టర్‌ను వాడకండి. సరిగ్గా ఉన్నట్టు చూపించినా అది వేడెక్కాక మారవచ్చు కాబట్టి, కొత్తగా తయారైన అడాప్టర్ కొనే వరకు యంత్రాన్ని పెట్టెలోనే ఉంచండి.